దాలమ్మ నోట్లో లుక్ ఆఫ్టర్

అర్థం తెలియకుండా అబద్ధం చెప్పినవాళ్ళది ఎక్కువ తప్పా, అర్థం తెలిసి దాన్ని వాళ్ళ చేత పలికించినవాళ్ళదా అని అడిగితే ఎవరైనా చప్పున జవాబు చెప్పేస్తారు. కాని అదే మాటను, అర్థం పూర్తిగా తెలిశాక, గోడ అవతల ఒక మనిషి కుళ్ళిపోతున్నాడని తెలిసి కూడా, నవ్వు మొహంతో ఒక్కసారి పలికినామెను ఏమనాలి? దాలమ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోవలసి వస్తోంది.

దాలమ్మది భోగాపురానికి తూర్పున, సముద్రం ఒడ్డు పేట. మొగుడు అసిరయ్య ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్‌లో, వెరావల్ చేపల బోట్ల మీద ఉంటాడు. ఆమె ఇక్కడ ఒడ్డున చేపని వేలంపాటలో కొనుక్కుని, తట్ట నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్ళకు పోయి అమ్మేది. మిగిలినవి ఇసక మీద ఎండబెట్టేది. ఎండుచేపతో పనంటే తిప్పడమే. పొద్దస్తమానం వంగుని, ఒక్కొక్క చేపనీ ఈ పక్కనుంచి ఆ పక్కకి తిప్పుతూ ఉండాలి. మరిచిపోతే ఇసకకి ఆనిన పక్క చెమ్మపట్టి మెత్తబడుతుంది, పురుగు పడుతుంది. అలాంటి చేపని దాలమ్మ ఎప్పుడూ తట్టలో వెయ్యలేదు. ఇంత దూరం విసిరి పారేసేది. కాకులు కూడా ఒకసారి ఆలోచించి ముట్టుకునేవి.

మోకాళ్ళు అరిగి తట్ట మొయ్యలేని రోజు వచ్చింది. అప్పుడు జగ్గమ్మ కబురు చేసింది. జగ్గమ్మ పూర్వం ఆమె దగ్గర బేరమాడి బేరమాడి చేపలు కొన్న మనిషి; ఇప్పుడు విజయనగరం నుంచి నెల్లిమర్ల పోయే దారిలో, రోడ్డు మీంచి కాస్త లోపలికి ఉన్న ఒక వృద్ధాశ్రమంలో ఆయా.

"రాయే, నీడపట్టున పని. ముసిలోల్లకి నీల్లు పొయ్యడం, గెంజి తాపడం. నీ సేపల తట్ట కన్నా బరువేటి కాదు" అంది జగ్గమ్మ. "వోసనంతావా, నీకు అలవాటే గదా."

ఆశ్రమం మేనేజరు హరిబాబు పొందూరు ఖద్దరు తప్ప కట్టడు. గంజి పెట్టిన చొక్కా, మడత నలగని పంచె. గొంతు ఎప్పుడూ పెంచడు. ఎవరితో మాట్లాడినా చివర 'అమ్మా' అనో 'నాన్నా' అనో ఉంటుంది. మొదటి రోజు దాలమ్మను చూసి రెండడుగులు వెనక్కి వేసి, ఎంతో మెత్తగా అన్నాడు.

"ఏమీ అనుకోకు అమ్మా, నీ దగ్గర చేపల వాసన వస్తోంది. పెద్దవాళ్ళు ఇబ్బంది పడతారు. సబ్బు రెండుసార్లు రుద్దుకుని రా."

దాలమ్మ నవ్వుకుని వెళ్ళి రుద్దుకుని వచ్చింది. తీరా లోపల అడుగుపెడితే ఆమే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఫినాయిలు వాసన, దాని కింద ఉచ్చ వాసన, దాని కింద ఇంకేదో తియ్యగా, మెత్తగా ఉన్న వాసన. వీటన్నిటి మీదా మల్లెపూల స్ప్రే. కుళ్ళిన చేప వాసన ఆమెకు కొత్త కాదు. కాని అది కుళ్ళినట్టే కంపు కొడుతుంది. దాని మీద ఎవరూ మల్లెపూల నీళ్ళు చల్లరు. ఇక్కడ మల్లెపూలకే కుళ్ళు పట్టినట్టుంది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె తన అన్నం అలాగే కాకులకి వేసేసింది.

ఆశ్రమంలో పని జరిగే తీరు జగ్గమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. "ముందు ఎదరగా కనబడినోల్లకి. ఎనకాతల ఉన్నోల్లకి తీరుబాటయితే."

ముందు హాలు రోడ్డుకి కనిపిస్తుంది. అక్కడున్నవాళ్ళు లేచి నడవగలరు, కూర్చోగలరు, ఎవరైనా వస్తే దణ్ణం పెట్టగలరు. వాళ్ళకి పొద్దున్నే స్నానం, తల దువ్వడం, పౌడరు. వెనకాల, ఒకప్పుడు బియ్యం బస్తాలు వేసుకున్న గదిలో లక్ష్ముడు ఒక్కడే. ఆ గదికి తీరుబాటు చాలా అరుదుగా దొరికేది.

లక్ష్ముడు సాలూరు లారీ డ్రైవరు. కోరాపుట్ ఘాటీ కొండదారి మీద, రాయపూర్ రోడ్డు మీద బతుకంతా తిరిగినవాడు. మలుపులో లారీ తిరగబడి నడుము కింద, నొప్పి తెలుస్తున్నా, కదలిక చచ్చుబడిపోతే, నా అన్నవాళ్ళు లేకపోవడం వల్ల తోటి డ్రైవర్లు తెచ్చి ఇక్కడ దింపారు. నోరు మాత్రం చచ్చుబడలేదు. ఒరియా మాటలు కలిపి మాట్లాడేవాడు. దాలమ్మ గదిలోకి వస్తే చాలు, "ఓ మావుసీ!" అనేవాడు. ఒరియాలో పిన్నికి అలా అంటారు. ఆయన ఆమె కన్నా పదేళ్ళు పెద్ద.

"ఓ మావుసీ, నీ ఒంటి వోసన బట్టి ఇయాల మీ పేటలో ఏ సేప పడినాదో సెప్పీమంటావేటి?"

"నోరుముయ్యి, డ్రైవరు బావా. నీ ఎనకాతల వోసన కన్నా నా సేప వోసన నయమే."

"నాది డీజిలు వోసనే."

"డీజిలుకి ఈగలు ముసరవు."

ఇద్దరూ నవ్వేవారు. ఆ గదిలో నవ్వు వినబడితే ముందు హాల్లో ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు.

ఈగల మాట ఊరికే అనలేదు దాలమ్మ. ఒక రోజు దుప్పటి మార్చడానికి ఆయన్ను పక్కకి ఒత్తిగిలిపెట్టింది. నడుము కింద, సరిగ్గా మంచానికి ఆనే చోట, చర్మం లేదు. గుంట పడి ఉంది. దుప్పటి గుంటకి అంటుకుపోయి, తీస్తుంటే చప్పుడైంది. ఆ తియ్యటి వాసన ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

"నిన్ను తిప్పి ఎన్నాల్లయినాది బావా?"

"నన్నేటి తిప్పుతారే, నానేటి టైరా? టైర్లకైతే ముందరవి ఎనక్కి, ఎనకవి ముందరికీ మారుస్తారు. మడిసికెవుడు సేస్తాడు?"

దాలమ్మ బయటికి వచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఆ పుండు చూసి కాదు. పుళ్ళు ఆమెకు కొత్త కాదు. తిప్పి ఉంటే అది వచ్చేది కాదు. ఎండుచేపకి దొరికే పాటి వంగడం ఆ మనిషికి దొరకలేదు.

ఇక అప్పుడు ఆమె చేసిన పని, సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. పేటలో చేప ముల్లు దిగినా, వల తాడు ఒరుసుకుని చెయ్యి తెగినా, నేరుగా వెళ్ళి కెరటంలో నిలబడతారు. ఉప్పునీళ్ళు తగిలితే పుండు మానుతుందని నమ్మకం. సెలవు రోజున ఇంటికి వెళ్ళిన దాలమ్మ, తెల్లారి ఒడ్డుకి పోయి, కెరటం లోపలి దాకా నడిచి, ఇసక లేని నీళ్ళు సీసాలో పట్టి, మూత బిగించి తెచ్చింది. లక్ష్ముణ్ణి పక్కకి తిప్పి, మంత్రసాని బిడ్డను కడిగినంత జాగ్రత్తగా, ఆ గుంటలో పోసింది.

అంతవరకూ ఎవరి మీదా కేక వెయ్యని మనిషి వేసిన కేకకి ముందు హాల్లో ఒక ముసలాయన చేతిలో గంజి గిన్నె జారిపోయింది.

పుండు మానలేదు. అంచులు నల్లబడ్డాయి. జ్వరం వచ్చింది. ఉప్పునీళ్ళ వల్లా, అంతకు ముందు నుంచీ ఉన్న కుళ్ళు వల్లా? దాలమ్మకి తెలియదు. ఆ తెలియకపోవడం ఆమెను తినేసింది. తానే వెళ్ళి హరిబాబును పిలుచుకొచ్చింది. ఆయన గడప దాటలేదు. ఖద్దరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, అవతల నిలబడే అడిగాడు.

"ఏం పోశావమ్మా?"

"సంద్రం నీల్లు బాబూ. బేగి డాకటేరుని పిలండి బాబూ. మడిసి దక్కడు."

హరిబాబు రుమాలు సర్దుకున్నాడు. తరవాత, పెద్ద మనసు చేసుకున్నట్టు నిట్టూర్చాడు.

"నువ్వు చేసింది నేరం, తెలుసా అమ్మా? ఇప్పుడు డాక్టర్ని పిలిస్తే, పెద్దాసుపత్రికి పంపితే, మొదట అడిగేది ఇదే. పుండు మీద ఏం పోశారు, ఎవరు పోశారు? నీ పేరు చెప్పాలి. పోలీసుల దాకా పోతుంది. నాకిష్టం లేదు. వచ్చే వారం వైజాగ్ నుంచి డొనేషన్లిచ్చే విజిటర్స్ వస్తున్నారు. ఒక తెల్లావిడ కూడా వస్తోంది. అది అయిపోనీ. నేనే నా చేత్తో డాక్టర్ని తీసుకొస్తాను. నువ్వు మాత్రం ఆ రోజు మాట చక్కగా చెప్పాలి."

"ఏటి మాట బాబూ?"

"హేమ నేర్పుతుంది."

హేమ ఆశ్రమంలో కంప్యూటరు పని చూసే పిల్ల. విజయనగరంలో డిగ్రీ చదివింది. మెత్తని మనిషి, ఎవరికీ ఎదురు చెప్పదు. భోజనాలయ్యాక వరండాలో ఇద్దరు ఆయాలనూ కూర్చోబెట్టి మొదలుపెట్టింది.

"ఐ లుక్ ఆఫ్టర్ దెమ్. అనండి."

"ఐ లూకాప్టరు దెమ్ము" అంది జగ్గమ్మ. "ఓలమ్మ, హెలికాప్టరులాగ ఉన్నాదే! నా నోరు తిరగదు గానీ, నాను నవ్వి నిలబడతానులే. పళ్ళున్నాయి గదా ఇంకా."

దాలమ్మ నవ్వలేదు. "అంటే ఏటి గుంటా?"

"వాళ్ళని నేను చూసుకుంటున్నాను అని."

"సూసుకోవడమంటే ఏటేటి? గెంజి తాపితే సాలా?"

హేమ ఆలోచించింది. పాఠం చెప్పడం ఆ పిల్లకీ సరదాగానే ఉన్నట్టుంది. "తిండి పెట్టడం, కడగడం, మందులెయ్యడం, ఏమైనా అయితే కనిపెట్టి ఉండడం, అన్నీ దాంట్లోకే వస్తాయి అక్కా. పిల్లలకి తల్లి చేసేది కూడా లుక్ ఆఫ్టరే. మేకని, కోడిని పెంచినా అదే. ఎవరైనా ఊరెళ్తే వాళ్ళ ఇంటిని కనిపెట్టి ఉన్నా అదే."

"పడవని?"

"పడవనీ అనొచ్చు."

"ఒట్టినే ఎదరగా నిలబడి సూస్తే?"

"అది ఉత్త లుక్. లుక్ ఆఫ్టర్ కాదు."

దాలమ్మ తల ఊపింది. అంగడి వీధిలో చేప మొప్ప ఎత్తి చూసినట్టు, ఆ మాటని అన్ని పక్కలా తిప్పి చూసుకుంది. ఆమెకి మాట నచ్చింది కూడా. ఆ వారమంతా లక్ష్ముడి దగ్గరికి పోయినప్పుడల్లా పలికి చూసుకునేది. ఆయన జ్వరంలోనూ ఎగతాళి మానలేదు.

"ఏటే మావుసీ, ఇంగిలీసా? మీ పేటలో సేపలు ఇంగిలీసులో అమ్ముతారేటింక?"

"నీకోసమే నేర్సుకుంతన్నాను బావా. ఈ మాట బాగా సెప్తే నీకు డాకటేరు వస్తాడు."

"అయితే గట్టిగా సెప్పు."

విజిటర్స్ వచ్చే రోజు పొద్దున్న బీరువా తాళం తీశారు. లోపల ఖద్దరు పంచెలు, తెల్ల చీరలు. కొత్తవి కావు; ప్రతి విజిటింగ్ రోజుకీ బయటికి వచ్చి, సాయంత్రానికి ఉతికించి, ఇస్త్రీ చేయించి లోపలికి పోయేవి. ముందు హాల్లో ముసలివాళ్ళకి వాటిని కట్టారు. మరక పడుతుందని ఆ పూట ఎవరికీ పప్పు వడ్డించలేదు, మజ్జిగన్నం పెట్టారు. ఒక ముసలాయన మధ్యలో బాత్రూముకి పోతానంటే, వంటవాడు ఆయన పంచె విప్పి తన భుజాన వేసుకుని, ఆయన్ను లుంగీతో పంపించాడు. వెనక గదికి తాళం వేసి, తలుపుకి అడ్డంగా బియ్యం బస్తాలు పేర్చారు. ఆ బస్తాల మీద కూడా మల్లెపూల స్ప్రే కొట్టారు.

కారుల్లోంచి దిగినవాళ్ళు మంచివాళ్ళలాగే ఉన్నారు. తెల్లావిడ అందరికీ వంగి నమస్కారం పెట్టింది. ముసలివాళ్ళ చేతులు పట్టుకుంది. హరిబాబు కళ్ళతో సైగ చేశాడు. జగ్గమ్మ పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. దాలమ్మ ఒక అడుగు ముందుకి వేసి, చేతులు జోడించి, ఒక్క అక్షరం తప్పు పోకుండా పలికింది.

"ఐ లుక్ ఆఫ్టర్ దెమ్."

చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. తెల్లావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఎవరో పూలదండ వేశారు. బస్తాల అవతల నుంచి దగ్గు వినబడింది, వెంటనే ఆగిపోయింది. దగ్గు వస్తే నోట్లో దుప్పటి కుక్కుకోమని ఆయనకి చెప్పి ఉంచారు.

సాయంత్రం బస్తాలు తీసి తలుపు తెరిచేసరికి లక్ష్ముడు మెలకువగానే ఉన్నాడు.

"బాగా సెప్పినావే మావుసీ. ఇక్కడికి ఇనబడినాది. సప్పట్లు కూడాని."

"ఏటి సెప్పినానో ఎరుకేటి నీకు?"

"నన్ను సూసుకుంతన్నానని. ఘాటీలో ఫారెస్టు బంగళాకి ఎంతమంది దొరల్ని తోలినాను నాను, నాకా తెలీదు?" అని, "పోనీలే, డాకటేరు వస్తాడు గదా" అన్నాడు. ఎగతాళి లేకుండా ఆయన ఆడిన మొదటి మాట అది.

దాలమ్మ కుళాయి దగ్గరికి పోయి నోరు పుక్కిలించింది. వేపపుల్ల నమిలింది. మళ్ళీ పుక్కిలించింది. కుళ్ళు చేపని నోట్లో పెట్టుకుని, రుచిగా ఉందని పదిమందికి చెప్పినట్టు ఉంది. మెళ్ళో పూలదండ ఇంకా అలాగే ఉందని అప్పుడు చూసుకుంది. తీసి కాలవలో పారేసింది.

డాక్టరు రాలేదు. రేపన్నారు, ఎల్లుండన్నారు. ఆ తరవాత హరిబాబు, "చూస్తున్నాం కదమ్మా, మనం చూడకపోతే ఎవరు చూస్తారు" అనడం మొదలుపెట్టాడు. దాలమ్మ అడగడం ఎక్కువైతే, "ఉప్పునీళ్ళ సంగతి మరిచిపోయావా?" అని మెత్తగా గుర్తు చేసేవాడు. ఆ మెత్తదనం మీద ఆమెకి రోత పుట్టింది. ఆ గంజి చొక్కా దూరాన కనిపిస్తే దారి మార్చుకునేది. తన మీద కూడా రోతే. లక్ష్ముణ్ణి ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పడం మాత్రం మానలేదు. ముందు హాలు పని ఎగ్గొట్టి మరీ తిప్పేది. పుండు మాత్రం లోపలికే పోతోంది. ఎముక తెల్లగా కనిపిస్తోంది. ఆయన మాటలు తగ్గిపోయాయి. చేపల మాట ఎత్తడం లేదు.

ఫోటోలు బాగా వచ్చాయట. తెల్లావిడ మళ్ళీ వస్తానందట, ఈసారి ఇంకా పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని. హరిబాబు సంతోషం పట్టలేక, కొత్తగా చేరిన ఆయాలకి ఆ మాట నువ్వే నేర్పమ్మా అని దాలమ్మకి పురమాయించాడు.

ఆమె హేమ దగ్గరికి వెళ్ళింది. "గుంటా, ఎవులూ సూసుకోడం లేదు అనాలంటే ఏటనాల?"

హేమ కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. "అది నీకెందుకక్కా?"

"సెప్పు."

"సారుకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

"నువ్వు సెప్పినావని సెప్పన్లే."

హేమ అటూ ఇటూ చూసి, నోట్లోనే అంది: "నోబడీ లుక్స్ ఆఫ్టర్ హిమ్."

"ఇంకోపాలి."

ఇంకోసారి చెప్పింది. ఆ రెండో మాటను దాలమ్మ ఎవరి దగ్గరా పలికి చూసుకోలేదు, లక్ష్ముడి దగ్గర కూడా.

రెండో విజిటింగ్ రోజు కూడా బీరువా తెరిచారు, పంచెలు కట్టారు, బస్తాలు పేర్చారు. ఈసారి కారులు ఎక్కువ. హాలు వెనక షామియానా వేసి బిర్యానీ వండించారు. మల్లెపూలూ మసాలా కలిసి, దాని కింద ఆ తియ్యటి వాసన. ముసలివాళ్ళు వరసగా కూర్చుని బిర్యానీ వైపు చూస్తున్నారు. వాళ్ళకి ఆ పూట కూడా మజ్జిగే.

తెల్లావిడ దాలమ్మను గుర్తుపట్టి నవ్వింది. హరిబాబు సైగ చేశాడు. దాలమ్మ చేతులు జోడించలేదు. చెయ్యి చాపి బస్తాల వైపు చూపించింది.

"హిమ్" అంది. "నోబడీ లుక్స్ ఆఫ్టర్ హిమ్."

తెల్లావిడ నవ్వు ఆపి, హరిబాబు వైపు తిరిగింది. హరిబాబు కంగారు పడలేదు. అదీ అతని గొప్ప. జాలిగా తల పక్కకి వాల్చి, గబగబా ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. దాంట్లో 'హజ్బెండ్' అన్న ముక్క, 'గుజరాత్' అన్న ముక్క దాలమ్మకి తెలిశాయి. మిగతాది అబద్ధమని హేమ మొహం చూస్తే తెలిసింది. ఆ పిల్ల నేల చూస్తోంది. దూరాన పడవల మీద ఉన్న నా మొగుణ్ణి చూసుకునేవాళ్ళు ఎవరూ లేరు, ఆ ప్రేమంతా వీళ్ళకి పెడుతున్నాను అని ఈమె చెబుతోందని అతను చెప్పాడు.

తెల్లావిడ కళ్ళు చెమ్మగిల్లాయి. వచ్చి దాలమ్మను గట్టిగా కావలించుకుంది. "సో స్వీట్" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ కౌగిలిలో దాలమ్మకి ఊపిరాడలేదు. తెల్లావిడ మంచి సెంటు రాసుకుంది, దాని మీద హాలు మల్లెపూలు. భుజం మీంచి హరిబాబు కనిపించాడు. నవ్వుతున్నాడు. ఆమె నిజం చెప్పినా చప్పట్లే, అబద్ధం చెప్పినా చప్పట్లే. ఇక ఆ హాల్లో ఏ మాటతోనూ పని లేదని ఆమెకి అర్థమైంది.

వాళ్ళు బిర్యానీ దగ్గరికి కదిలాక ఆమె బాత్రూముల వెనక్కి పోయి, నడుముకి చెక్కుకున్న బటన్ ఫోను తీసి నూటెనిమిదికి కొట్టింది. గుర్తులు చెప్పింది. తరవాత వెనక గది ముందుకి వచ్చి బస్తాలు లాగడం మొదలుపెట్టింది. మోకాళ్ళు పటపటమన్నాయి.

"నీకు పిచ్చెక్కినాదేటే?" అంది జగ్గమ్మ, చేతిలో బిర్యానీ పళ్ళెంతో. "ఆల్లు ఎల్లేదాకైనా ఉండలేవా? నీ ఉద్దోగం పోతాది, నాదీ పోతాది. ఒగ్గీ!"

"పళ్ళెం కింద పెట్టి ఈ కొస పట్టు."

"నాను పట్టను."

"పట్టొద్దులే."

ఆమె ఒక్కతే లాగింది. జగ్గమ్మ పళ్ళెం పట్టుకునే నిలబడింది గాని, తినలేదు.

అంబులెన్సు సైరన్‌తోనే లోపలికి వచ్చింది. షామియానా కింద అందరూ లేచారు. దిగిన కుర్రాడు, "ఎవలమ్మా ఫోన్ చేసింది? పేషెంట్ ఎక్కడ?" అని అడిగాడు.

"నానే" అంది దాలమ్మ.

"మా స్టాఫే" అన్నాడు హరిబాబు, ఎప్పుడొచ్చాడో తెలియకుండా పక్కకి వచ్చి. జేబులోంచి తాళం చెవి తీశాడు. విజిటర్స్ వైపు తిరిగి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పాడు. ఈసారి దాలమ్మకి తెలిసిన మాట కూడా ఉంది: వి లుక్ ఆఫ్టర్. ఒకతను అప్పుడే ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

లక్ష్ముణ్ణి స్ట్రెచర్ మీద బయటికి తెస్తుండగా గాలి ఇటు తిరిగింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. రుమాళ్ళు బయటికి వచ్చాయి. ఒకతను పూలకుండీ దగ్గరికి పరుగెత్తి, తిన్న బిర్యానీ అంతా కక్కేశాడు. హరిబాబు చిటికె వేశాడు. వంటవాడు వచ్చి, ఆరుబయట, స్ట్రెచర్ మీద, లక్ష్ముడి మీద, మల్లెపూల స్ప్రే కొట్టాడు.

"అదాపండి సార్, పుండు మీద పడతాది!" అని కసిరాడు అంబులెన్సు కుర్రాడు. దుప్పటి ఎత్తి చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఎన్నాల్లనుంచి తిప్పలేదు ఈయన్ని?"

ఎవరో ఒక ఖద్దరు శాలువా తెచ్చి లక్ష్ముడి మీద కప్పారు. ఫోటో తీసేవాడికి అది కనబడేలా అంచు సర్దారు. లక్ష్ముడు కళ్ళు తెరిచి ఆ శాలువా చూసుకుని, "ఏటే మావుసీ, నాను సచ్చిపోయినానా?" అని గొణిగాడు.

"నువ్వు సావవులే. నోరుంది గదా నీకు."

దాలమ్మ ఆ శాలువా లాగి కింద పడేసింది. స్ట్రెచర్ వెంట బండి ఎక్కబోతుంటే హరిబాబు దగ్గరగా వచ్చాడు. అప్పుడు కూడా గొంతు మెత్తగానే ఉంది.

"నువ్వు ఎక్కితే మళ్ళీ ఇక్కడ అడుగు పెట్టనివ్వనమ్మా. అక్కడ అడిగితే ఉప్పునీళ్ళ మాట నేను చెప్పాల్సి వస్తుంది. ఆలోచించుకో."

ఇన్నాళ్ళూ ఆ మాటకే ఆమె వెనక్కి తగ్గేది. ఇప్పుడామె అతని వైపు చూడనైనా లేదు. అంబులెన్సు కుర్రాడి వైపు తిరిగి, షామియానా దాకా వినబడేలా అంది.

"బాబూ, నాను ఈయన పుండు మీద సంద్రం నీల్లు పోసినాను. దాలమ్మ నా పేరు. రాసుకో. దానివల్లే ముదిరినాదో ఏటో నాకు తెలీదు. ఏటి శిచ్చ వేసినా నాకే."

కుర్రాడు ఆమెను ఎగాదిగా చూశాడు. "అవన్నీ అక్కడ డాక్టరు సూస్తాడు. ఎక్కమ్మా, బేగి. ఈయన్ని పక్కకి పట్టుకోవాల, పుండు కింద ఆనకూడదు. పట్టుకోగలవా?"

"అదే నా పని."

ఆమె ఎక్కింది. లక్ష్ముణ్ణి తన వైపు ఒత్తిగిలిపెట్టి, ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి నిలిపింది. ఆయన ఒళ్ళు నిప్పులా ఉంది. చీము ఆమె మోచేతి మీదుగా కారుతోంది.

"ఒసే దాలమ్మా!" వరండాలోంచి జగ్గమ్మ కేక. "నీ సంచి ఇక్కడే ఉన్నాదే! బట్టలున్నాయే! ఎల్తన్నానని ఒక మాటైనా సెప్పవేటే?"

హేమ మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. చెయ్యి సగం పైకెత్తింది. తెల్లావిడ కూడా, ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా, చెయ్యి ఊపుతోంది. వీడియో తీసేవాడు, ఇటు చూడమ్మా, ఒక్కసారి ఇటు చూడు అంటున్నాడు.

దాలమ్మ ఎవరి వైపూ తల తిప్పలేదు. రెండు చేతులూ లక్ష్ముడి కింద ఉండడంతో, బండి తలుపులు బయట నుంచి ఆ కుర్రాడే వేశాడు.